డ్రాగన్ చెట్లకు చీర కప్పిన మనిషి

నిన్న మధ్యాహ్నం హిందూపురంలోని మా చీరల అంగడికి మడకశిర వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఏ చీరా చూడకుండా నేరుగా నా దగ్గరికి వచ్చి, "అన్నా, పాత కాటన్ చీరలు ఏమన్నా ఉండాయా? చిరిగినవైనా సరే. డ్రాగన్ చెట్లకు చలి తగలకుండా కప్పాల" అని అడిగింది. కొత్తగా అర ఎకరంలో డ్రాగన్ ఫ్రూట్ పెట్టారట. ఫోన్లో ఏదో వీడియో చూసి నేర్చుకుందట. చీరలు లేకపోతే సరుకు బేళ్ల మీద చుట్టి వచ్చే ప్లాస్టిక్ అయినా ఇవ్వమంది.

"ప్లాస్టిక్ వద్దు" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. అవతల చీరలు మడత పెడుతున్న గుమాస్తా తలెత్తి చూశాడు.

అటక దులిపి, దొరికిన చీరలన్నీ మూట కట్టి ఇచ్చాను. ఆ పిల్ల వెళ్లిపోయిన తర్వాత నాకు బేరాల మీద మనసు నిలవలేదు. ఈ పని కోసం మా అంగడిలో మొట్టమొదట చీరలు అడిగిన మనిషి పోయి మూడు నెలలయింది.

ఆయనది ధర్మవరం. పేరు రాయను. రాస్తే "నా పేరుతో నీకేం పనప్పా, చీర చూడు" అని ఎక్కడున్నా కసురుతాడని భయం. మా ఇద్దరి మధ్య ఆ పేరుకు వాడుక కూడా లేదు. నేను మామా అనేవాణ్ణి, ఆయన నన్ను శెట్టీ అనేవాడు. వరస కలిసి కాదు, ఇరవై ఏళ్లు కలిసి టీ తాగినందుకు.

నెలకు రెండుసార్లు ప్యాసింజరు రైలు దిగి, తెల్లటి గుడ్డలో చుట్టిన పట్టుచీరల మూట భుజాన వేసుకుని వచ్చేవాడు. మూట విప్పి చాప మీద పరిచి, మాకు వీపు తిప్పి వీధి వైపు చూస్తూ కూర్చునేవాడు. తన చీరను తాను ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. మేము ఏమైనా వంక పెడితే మాత్రం ఊరుకునేవాడు కాదు. అంచు రంగు కొంచెం ముదురుగా ఉంది మామా అని ఒకసారి నేనంటే, చీర తీసి మడతపెట్టి, "చీర బాగానే ఉండాది, నీ అంగడిలో లైటు బాగలేదు" అన్నాడు. మరుసటి వారం లైటు మార్చాను. చీర కూడా బాగానే ఉంది.

ఆయన కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఎప్పుడూ ఒకదాన్నొకటి రుద్దుకుంటూనే ఉండేవి, తెగిన పోగును అతుకుతున్నట్టు. మాట్లాడేటప్పుడు, టీ కోసం ఎదురు చూసేటప్పుడు, కునుకు తీసేటప్పుడు కూడా. ఎవరు కనబడినా ముందు వాళ్ల చొక్కా అంచు పట్టుకుని ఆ రెండు వేళ్లతో రుద్ది చూసేవాడు. ఆ తర్వాతే బాగుండావా అని అడగడం. మా బావమరిది పెళ్లిలో అలాగే ఒక పోలీసాయన చొక్కా పట్టుకుంటే, పక్కకు లాగి సర్దిచెప్పేటప్పటికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

నలభై ఏళ్లు గుంటమగ్గంలో కాళ్లు వేలాడేసి తొక్కిన మనిషికి అరవై దాటేసరికి మోకాళ్లు పట్టేశాయి. గుంటలోకి దిగితే పైకి లేపడానికి ఇద్దరు కావాల్సి వచ్చేది. కొడుకు మరమగ్గాల షెడ్డులో పనికి కుదిరాడు. నువ్వు ఇంట్లో కూర్చో నాయనా, నేను చూసుకుంటా అన్నాడట. కూర్చోవడమంటే ఏమిటో ఆయనకు తెలియదు. ఆ రోజుల్లోనే తలుపుల అనే ఊళ్లో ఒక పెళ్లికి పోయి, ఆ ఊరి పక్కన సిమెంటు స్తంభాలకు పాకిన డ్రాగన్ మొక్కలు చూశాడు. మూడు పలకల కాండాన్ని రెండు వేళ్లతో పట్టి చూశాడట. అంతే, పెళ్లిభోజనం కూడా సరిగా చేయకుండా ఆ రైతు వెంట పడ్డాడు.

పెనుకొండ దగ్గర భార్య తరఫున వచ్చిన అర ఎకరం ఉంది, కొండ దిగువన. మగ్గం అమ్మేసి అక్కడ అరవై స్తంభాలు నాటాడు. స్తంభానికి నాలుగు మొక్కలు, పైన మొక్క ఎక్కి వాలడానికి సిమెంటు చక్రం. ఇద్దరూ పెనుకొండలో ఒక చిన్న ఇల్లు బాడుగకు తీసుకుని దిగిపోయారు. మగ్గం అమ్మావా మామా అని నేను నోరు తెరిస్తే, "మగ్గం ఇంట్లో ఉంటే మళ్ల దాంట్లోకే దిగుతాను. ఈ మోకాళ్లతో దిగితే పైకి రాను" అన్నాడు. ఆ తోట నిలబడాలి, లేకపోతే ఆ వయసులో ఆయన కొడుకు ఇంట్లో ఒక మూల చాప వేసుకుని కూర్చోవాలి. ఈ సంగతి ఆయనకు తెలుసు, వాళ్లావిడకు తెలుసు, నాకూ తెలుసు. ముందే చెబుతున్నాను, నాకు తెలిసే నేను చేసింది చేశాను.

మా దిక్కు మంచు గడ్డకట్టేంత చలి రాదు. కానీ ఈ మొక్కకు అంత అక్కర్లేదు. ఎండకు దడవదు, నీళ్లు లేకపోయినా నెల రోజులు బతుకుతుంది. చలిగాలి నాలుగు రోజులు పట్టుకుంటే మాత్రం లేత కొమ్మలు పసుపు తిరిగి, తర్వాత గోధుమరంగు మచ్చలు పడి, మెత్తబడిపోతాయి. పెద్ద మొక్క తట్టుకుంటుంది, పిల్లమొక్క తట్టుకోదు. ఇదంతా నాకు ఆయన చెప్పిందే. పెట్టిన మొదటి చలికాలంలోనే నేలను చదువుకున్నాడు. "చలి పైనుంచి పడదప్పా. నీళ్ల మాదిరి పల్లానికి పారుతాది. కొండ మీద పుట్టి, నా తోటలో దిగువ నలభై స్తంభాల కాడికొచ్చి కూర్చుంటాది" అన్నాడు. ఎగువ ఇరవైకి భయం లేదు, అవి ముందుగా నాటినవి కూడా. దిగువ నలభైలోనే మొక్కలు ఇంకా చక్రం దాకా ఎక్కలేదు, చివుర్లన్నీ లేతవి.

కొడుకు ఉష్ణోగ్రత చూపించే చిన్న మీటరు కొనిచ్చాడు. ఆయన దాన్ని వంటింట్లో మేకుకు తగిలించి, తాను మాత్రం రెండు స్తంభాల మధ్య ఒక పట్టుపోగు కట్టుకున్నాడు. సాయంత్రం పూట దాన్ని వేళ్లతో మీటి, రుద్ది, ఈ పొద్దు చలి పడుతుందనో పడదనో చెప్పేవాడు. నలభై ఏళ్లు ఆ పోగుతో కాపురం చేసినవాడికి అది అబద్ధం చెప్పదని నమ్మకం. మీటరుకూ పోగుకూ తేడా వస్తే మీటరుకు బ్యాటరీ అయిపోయిందనేవాడు.

ఆ మొదటి చలికాలంలోనే, కార్తీకం వెళ్లే ముందు ఒక రోజు, అంగడికి వచ్చాడు. ఎప్పుడూ కూర్చునే చోటే, అటకకు ఎదురుగా ఉన్న చిన్న స్టూలు మీద కూర్చుని, టీ తాగి, "ఏమప్పా శెట్టీ, పాత కాటన్ చీరలు ఏమన్నా ఉండాయా? ఒక నలభై. దిగువ మొక్కలకు సాయంత్రం కప్పి పొద్దున తీస్తా. గుడ్డయితే చలి ఆపుతాది, గాలి ఆడతాది" అన్నాడు.

ఉన్నాయి. అటక మీద నాలుగేళ్లుగా పడి ఉన్న నలభై రెండు చీరలు, మడతల దగ్గర రంగు వెలిసినవి. ఉగాదికి సగం ధర బోర్డు పెట్టి వదిలించుకోవాలని నా ఆలోచన. వ్యాపారి బుద్ధి ఎలాంటిదంటే, అమ్ముడుపోని సరుకు కూడా ఎవరైనా అడిగిన నిమిషంలో బంగారమై కూర్చుంటుంది. "పాత స్టాకంతా పోయింది మామా" అన్నాను.

ఆయన తలెత్తి పైకి చూశాడు. ఫ్యాను చప్పుడు చేస్తోంది, దాన్ని చూస్తున్నాడనుకున్నాను. సరేలే అన్నాడు.

నాకు లోపల ఏదో గుచ్చుకుని, సూరత్ బేళ్ల మీద చుట్టి వచ్చిన దళసరి ప్లాస్టిక్ కుప్పంతా తీసి ముందు పెట్టాను. ఊరికే తీసుకుపో మామా అన్నాను, పెద్ద దాతలాగా. ఆయన దాన్ని వేళ్ల మధ్య పెట్టి చూసి, దీంట్లో గాలి ఆడదు కదప్పా అన్నాడు. రాత్రికే కదా, పొద్దున్నే తీసేస్తావు, ఏమీ కాదు అన్నాను. ఆ ప్లాస్టిక్‌ను పట్టుచీరలు మడిచినంత శ్రద్ధగా మడిచి, మూట కట్టుకుని వెళ్లాడు.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం కప్పి, రోజూ పొద్దున తీశాడు. ఒక్క రోజు తప్ప.

ధర్మవరంలో అమావాస్య నాడు మగ్గం మీద ఎవరూ చెయ్యి వేయరు. తలకు పోసుకుని, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, దీపం వెలిగించి ఊరుకుంటారు. ఆ రోజు వీధుల్లో మగ్గాల చప్పుడు ఉండదు. పుట్టినప్పటి నుంచి ఆ అలవాటులో పెరిగిన మనిషి. కార్తీక అమావాస్య వచ్చింది. ముందురోజు సాయంత్రం ప్లాస్టిక్ కప్పి ఇంటికొచ్చాడు. వాళ్లావిడ మనవడికి జ్వరమని ధర్మవరం పోయి ఉంది. పొద్దున లేచి తలంటుకుని, దేవుని దగ్గర దీపం పెట్టి, పేపరు చదువుకుంటూ పడుకున్నాడు. తోటకు పోవాలనే ఆలోచనే రాలేదట. మరిచిపోవడం కూడా కాదు. ఈ రోజు సెలవు అని ఒళ్లే చెప్పేసింది. అమావాస్య నాడు చెయ్యి పనికి పోకపోవడం ఆయన చేసిన పని కాదు, ఆయన చేతి తీరు.

ఆ రోజు ఎండ కాసింది. చలికాలం ఎండే అయినా పొద్దంతా ప్లాస్టిక్ లోపల పడింది.

మరునాడు ఆయన ఫోను చేశాడు. ఏడవడం లేదు, అరవడం లేదు. ఒకసారి వచ్చి పోతావా శెట్టీ అని మాత్రం అన్నాడు. బస్సులో పెనుకొండ దిగి, ఆటో పట్టుకుని పోయాను. దిగువ నలభై స్తంభాల దగ్గరా మొక్కలు ఉడికిన వంకాయల్లా జారిపోయి ఉన్నాయి. పట్టుకుంటే నీళ్లు కారుతున్నాయి. పులిసిన వాసన. ఆయన ఒక్కో స్తంభం దగ్గరా ఆగి, ప్లాస్టిక్ తీసి, మడిచి, చంకలో పెట్టుకుంటున్నాడు. పాడైన మొక్కల మీది ప్లాస్టిక్‌ను మడవడమెందుకో నాకు అర్థం కాలేదు.

"తప్పు నాదేనప్పా" అన్నాడు. "మగ్గానికి సెలవుంటాది. చెట్టుకు ఉండదని నాకు తోచలా."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. అటక మీద చీరలున్నాయి మామా, నేనే లేవన్నాను, గుడ్డయితే ఒక రోజు తీయకపోయినా మొక్క చచ్చేది కాదు అని. నాలుక దాకా వచ్చింది. మళ్లీ లోపలికి పోయింది. ఎంత నష్టం మామా అని ఒక పనికిమాలిన ప్రశ్న అడిగాను. ఆయన పక్క స్తంభం దగ్గరికి జరిగాడు. నేనూ ఒక వైపు నుంచి ప్లాస్టిక్ తీయడం మొదలుపెట్టాను. ఇద్దరం కలిసి నలభైకీ తీశాం. అంత సిగ్గుపడ్డ రోజు నా జీవితంలో ఇంకొకటి లేదు.

కొడుకు వచ్చి, ఇంక చాలు నాయనా, ధర్మవరం పోదాం పా అన్నాడట. ఈయన వినలేదు. ఎగువ ఇరవై స్తంభాల నుంచి ముదురు కొమ్మలు కోసి, వారం రోజులు నీడలో ఆరబెట్టి, కోసిన చోట బూడిద రాసి, దిగువ నలభైకీ మళ్లీ నాటాడు. ఆ నాటడం నేను చూశాను. కొమ్మను స్తంభానికి కట్టే ముడి కూడా పోగును అతికే ముడే. గట్టిగా పట్టుకుంటుంది కానీ కొమ్మను కోయదు. మోకాళ్లు వంగవు కాబట్టి నేల మీద పడుకుని నాటాడు.

పక్క ఏడు చలి మొదలయ్యేసరికి నేనే అటక మీది మూట దించి పెనుకొండ తీసుకుపోయాను. ఇప్పుడైనా నిజం చెప్పవచ్చు కదా. చెప్పలేదు. కదిరిలో మా బావమరిది అంగడి మూసేశాడు, అక్కడి నుంచి వచ్చాయి మామా అన్నాను. ఒక అబద్ధానికి ఇంకొక అబద్ధాన్ని కాపలా పెట్టాను. ఆయన ఒక చీర తీసి, మడత దగ్గర రంగు వెలిసిన గీత మీద బొటనవేలు నెమ్మదిగా జరిపాడు. "బాగా మాగిన గుడ్డప్పా. మొక్కకు మెత్తగుంటాది" అన్నాడు. ఎన్నేళ్లు ఏ అటక మీద పడి ఉన్న గుడ్డో చేత్తో పట్టి చెప్పగల మనిషని ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు.

అమావాస్య సంగతి మాత్రం తెగలేదు. అంత దెబ్బ తగిలాక కూడా ఆయన ఆ రోజు పనిమీద చెయ్యి వేయడు. "తెలుసప్పా, చెట్టుకు సెలవు లేదు. నా చేతికి ఉండాదే" అనేవాడు. గుడ్డే కాబట్టి ఒక రోజు ఉంటే చావదు గానీ, మంచుకు తడిసిన చీర పొద్దంతా మొక్కను అంటుకుని ఉంటే బూజు పడుతుంది. వాళ్లావిడకు భుజం పట్టేసి చెయ్యి పైకి లేవదు. అమావాస్య పొద్దున నేను వచ్చి తీస్తా, సాయంత్రం కప్పి పోతాలే మామా అన్నాను. మా అంగడికి అమావాస్య సెలవు లేదు, గుమ్మానికి నిమ్మకాయ మిరపకాయలు కట్టి తెరవడమే. ఆ పని మా ఆవిడ చూసుకుంటుంది. ఆయన నన్ను కాసేపు చూసి, రా అన్నాడు.

అలా ఆరు చలికాలాలు. కార్తీకం నుంచి మాఘం దాకా నాలుగు అమావాస్యలు. హిందూపురం నుంచి మొదటి బస్సు, స్వెట్టరు, మంకీ క్యాపు. తోట చేరేసరికి మంచు ఇంకా విడిచి ఉండేది కాదు. దిగువన నలభై చీరలు, నీలం, ఆకుపచ్చ, ముదురు ఎరుపు, వరసగా నిలబడి ఉండేవి. ఒకసారి ఒక లారీ డ్రైవరు రోడ్డు మీద నుంచే గోరంట్లకు దారి ఎటని ఈ చీరలను అడిగి, జవాబు రాకపోయేసరికి ఈ ఊరి ఆడోళ్లకు ఇంత పొగరా అని తిట్టుకుంటూ పోయాడట. ఈ కథ ఆయన ప్రతి ఏడూ చెప్పేవాడు. ప్రతి ఏడూ లారీ చక్రాలు రెండు పెరిగేవి.

తలంటుకుని, తెల్లపంచె కట్టుకుని, శాలువా కప్పుకుని, బోర్లించిన గంప మీద కూర్చుని నాకు పని చెప్పేవాడు. ముందు ఎండ తగిలే వైపు తీయమనేవాడు. గుంజొద్దు, ఎత్తి తియ్యి, ముండ్లకు పడితే చివురు విరుగుతుంది అనేవాడు. చేతులు రెండూ శాలువాలో చంకల కింద దాచుకునేవాడు, అవి లేచి వస్తాయేమోనని భయపడుతున్నట్టు. నేను ఎక్కడైనా తడబడితే శాలువా కింద వేళ్లు కదలడం పైకి తెలిసేది. తీసిన చీరను నేను మడిస్తే, "చీరలమ్మేటోని మడతప్పా ఇది? నీ అంగడిలో కొనేటోళ్లు ఎట్ల కొంటాండారో" అని నవ్వేవాడు. నలభై చీరలకూ నలభై వంకలు. ఏ వంకా రెండోసారి పెట్టేవాడు కాదు, అంత ఓపిక.

పాఠాలు కూడా అప్పుడే. చలికి ముందు యూరియా వేస్తే లేత చివుర్లు పుట్టి అవే ముందు చస్తాయి. సాయంత్రం నీళ్లు పెట్టడం, పడుకున్నోని మీద తడిగుడ్డ కప్పడం ఒకటే. వేరు దగ్గర వేరుశనగ పొట్టు జానెడు మందాన పరిస్తే నేల వెచ్చగా ఉంటుంది. నాకు ఒక సెంటు భూమి లేదు. అయినా ఈ చదువంతా నాకు వచ్చేసింది. తర్వాత వాళ్లావిడ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెచ్చేది. ముగ్గురం ఎగువ స్తంభాల దగ్గర ఎండలో కూర్చుని తినేవాళ్లం. ఆ ఉగ్గాని రుచి నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఆరేళ్లలో నేను పూర్తిగా సంతోషంగా ఉన్న పొద్దులు అవేననిపిస్తుంది.

దిగువ మొక్కలకు కాపు వచ్చిన ఏడు మొదటి పండు అంగడికి తెచ్చాడు. కత్తి తెస్తానంటే వద్దని, జేబులో నుంచి పట్టుపోగుల పురి ఒకటి తీసి, పండు చుట్టూ వేసి లాగాడు. రెండు చెక్కలై పడింది. గులాబీ తొక్క లోపల తెల్లటి గుజ్జు, నల్లటి గింజలు. తిని, చప్పగా ఉంది మామా అన్నాను. "నీకు షుగరుండాది కదప్పా. నీకు ఇట్లాంటిదే మంచిది" అన్నాడు. పట్టుచీర లాగే పండును కూడా ఆయన మెచ్చుకోలేదు. నేను తింటున్నంతసేపూ వీధి వైపు తిరిగి కూర్చున్నాడు.

ఈ భాద్రపదంలో పోయాడు. పెద్ద జబ్బేమీ కాదు, రెండు రోజుల జ్వరం, ఆయాసం. కొడుకు ధర్మవరం తీసుకుపోయాడట, సంగతి తెలిసి నేను అక్కడికి చేరేసరికి అంతా అయిపోయింది. పదకొండో రోజు మళ్లీ వెళ్లాను. ఇంటి నిండా చుట్టాలు. ఒక మూల కూర్చుని విస్తరి ముందు రెండు మెతుకులు కెలికి వచ్చేశాను. ఏడేళ్లుగా నాలుక మీద పెట్టుకున్న మాట వినాల్సిన మనిషి ఇంక లేడు. మామా, నన్ను క్షమించు అని ఫోటోకు చెప్పుకోవడం నాకు చేతకాలేదు.

వాళ్లావిడ కొడుకు ఇంటికి పోలేదు. తోట కాపు మీద ఉంది, నేను బతికినన్నాళ్లు ఈడే ఉంటా అని పెనుకొండలోనే ఉండిపోయింది. రోజూ కప్పి తీయడానికి ఒక కూలిమనిషిని పెట్టుకుంది. అది విని నాకు ఊరట కలగాలి. కలగలేదు. నా పని ఎవరో తీసుకున్నట్టు అనిపించింది.

మొన్న కార్తీక అమావాస్యకు మెలకువ దానంతటదే వచ్చింది. పోవాల్సిన అవసరం లేదని అనుకుంటూనే మొదటి బస్సు ఎక్కాను. తోటలోకి పోయేసరికి కూలిమనిషి లేడు. ఆమె ఒక్కతే గంప మీద కూర్చుని ఉంది. కప్పిన చీరలు కప్పినట్టే ఉన్నాయి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఈ పొద్దు వాణ్ణి రావద్దంటి, నువ్వొస్తావు కదా అంది.

మొదటి స్తంభం దగ్గరికి పోయి చీర మీద చెయ్యి వేశాను. నీలం అంచు చీర. ఇంక ఆగలేకపోయాను.

"అత్తా, ఈ చీరలు కదిరి నుంచి రాలేదు" అన్నాను. "మామ మొదటిసారి అడిగిన పొద్దే నా అటక మీద ఉండినాయి. నేను లేవని చెప్పినా. ఆ ప్లాస్టిక్ నేనిచ్చిందే. ఆ నలభై స్తంభాల మొక్కలు పోయింది నావల్ల."

ఆమె కొంగుతో కాళ్ల మీది మంచు తుడుచుకుంది. కొత్త మాటేమీ విన్నట్టు లేదు.

"ఆయనకు తెలుసప్పా" అంది. "ఆ పొద్దు ఇంటికొచ్చి నాతో చెప్పినాడు. స్టూలు మీద కూసుంటే అటక మీద ఈ నీలం అంచు కనబడతానే ఉండాదంట. మరి అడగలేకపోతివా అంటే, అడిగితే శెట్టి ఇంకో అబద్ధం ఆడాల్సొస్తాది, ఏంటికిలే అన్నాడు."

మరి ఆ తర్వాత ఒక్క మాట కూడా ఎందుకు అనలేదని అడిగాననుకుంటాను. సరిగా గుర్తు లేదు.

"నేనూ పోరినా" అంది ఆమె. "మొక్కలు పోయినాక, అమావాస్యకు ఒక కూలోణ్ణి పెట్టుకుందాం, ఆయప్పను అంత దూరం నుంచి ఏంటికి తిప్పుకునేదంటే, ఒప్పుకోలా. 'పని మనకు కాదే, ఆయప్పకు ఉండాది. రానీ' అనేటోడు."

ఆరేళ్లూ నేను ఆయనకు సాయం చేస్తున్నాననుకున్నాను. చలిలో గంప మీద కూర్చుని, చేతులు చంకల్లో పెట్టుకుని, నలభై వంకలు పెడుతూ ఆయనే నన్ను మోశాడు. అక్కడే స్తంభం పట్టుకుని ఏడ్చాను. యాభై ఎనిమిదేళ్ల మనిషిని, మంకీ క్యాపు పెట్టుకుని.

ఆమె కొండ వైపు తల తిప్పింది.

"ఎండొస్తాంది. తియ్యప్పా" అంది.